పురుగుల షెడ్డు స్లాబు: పొదుపు ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు



ఈ వారం పాఠం షెడ్డు కప్పు గురించి. కసబా, నాగలమడికె, వై.ఎన్. హొసకోట, నిడగల్లు, పావగడ తాలూకాలో ఏ హోబ్లిలో చూసినా కొత్తగా రీరింగ్ షెడ్డు కట్టే రైతు అడిగే మాట ఒకటే: “రేకులు వేస్తే ఎండాకాలం పురుగు తట్టుకోదు, ఆర్‌సీసీ వేస్తే అప్పు తీరదు. ఖర్చు ఎక్కడ తగ్గించాలి?”

తగ్గించే చోట్లు ఉన్నాయి. కాకపోతే మామూలుగా మనం చేయి పెట్టే చోట్లు అవి కావు. సిమెంటు ఒక మూట తక్కువ వేయిస్తాం. స్లాబుకు నాలుగు రోజులు నీళ్లు పట్టి ఆపేస్తాం. కంబి కింద కవర్ బ్లాకులు పెట్టారా లేదా అని వంగి చూడం. అదే రోజు మేస్త్రి అవసరానికి రెండింతలు కంబి వేస్తుంటే “గట్టిగా ఉంటాదిలే” అని ఊరుకుంటాం. ఇంటికైతే ఈ తప్పు బయటపడడానికి చాలా ఏండ్లు పడుతుంది. పురుగుల షెడ్డుకు అంత గడువు దొరకదు, ఎందుకంటే ఇంటి కప్పు మీద ఎవరూ ప్రతి పంటకూ బ్లీచింగ్ కొట్టరు.

లెక్క కోసం ఒక షెడ్డు అనుకుందాం. లోపల 50 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, ఒకటే అంతస్తు, పైన ఆర్‌సీసీ స్లాబు. ప్రతి 10 అడుగులకు అడ్డంగా ఒక దూలం. స్టీలు ధర రోజుకొకలా ఉంటుంది కాబట్టి కిలో 70 రూపాయలు అని పెట్టుకుందాం. మీరు కట్టే రోజు ధర వేసి మళ్లీ లెక్కేసుకోండి. కింద చెప్పే అంకెలు ఈ షెడ్డుకు మాత్రమే. మీ షెడ్డు కొలతలు వేరైతే ఇంజినీరు చేత లెక్క వేయించాల్సిందే.

*కంబి ఎందుకు, ఎక్కడ*

కాంక్రీటును నొక్కితే ఎంత బరువైనా మోస్తుంది. లాగితే మాత్రం తెగిపోతుంది. స్లాబు మీద బరువు పడినప్పుడు అది కిందికి కొంచెం వంగుతుంది. వంగినప్పుడు పైభాగం నలుగుతుంది, కిందిభాగం సాగుతుంది. సాగే చోట కాంక్రీటు చేతకానిది కాబట్టి అక్కడ కంబి పెడతాం. అందుకే రెండు ఆధారాల నడుమ కంబి అడుగున ఉంటుంది. స్లాబు దూలం మీదుగా దాటే చోట వంపు తిరగబడుతుంది, అక్కడ కంబి పైన ఉండాలి. ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటమాలి పగిలిపోతున్న పూలకుండీలకు కాంక్రీటులో ఇనుప వల పెట్టి 1867లో పేటెంటు తీసుకున్నాడు. ఈ పద్ధతి పాకడానికి దారి తీసిన వాళ్లలో ఆయన ఒకడు. తోటపని చేసేవాడికి తట్టిన ఉపాయం ఇది, రైతుకు అర్థం కానిదేమీ కాదు.

దీంట్లోనుంచి ఖర్చుకు సంబంధించిన ఒక సంగతి బయటికొస్తుంది. వంచే బలం పొడవుతో పాటు పెరగదు, పొడవు వర్గంతో పెరుగుతుంది. 20 అడుగుల దూలాన్ని వంచే బలం 100 అనుకుంటే, అంతే బరువు మోసే 25 అడుగుల దూలానికి అది 156, 30 అడుగులకు 225. అంటే షెడ్డు వెడల్పును 20 నుంచి 30కి పెంచితే దూలం ఖర్చు సగం పెరగడం కాదు, రెండింతలు దాటుతుంది. 25 దాకా పోతే గోడ పొడవులో కొంచెం మిగులుతుంది, అది దూలాల్లో పోతుంది, సరికి సరి. 25 దాటకండి. వెడల్పు తక్కువైతే రెండు వైపుల కిటికీల నుంచి గాలి కూడా బాగా ఆడుతుంది.

*పిల్లర్లు నిజంగా కావాలా?*

ఇప్పుడు ఊళ్లలో ఏ కట్టడానికైనా ముందు పిల్లర్ల గుంతలు తవ్వుతున్నారు. పట్నంలో నాలుగు అంతస్తులు లేస్తాయి, అక్కడ పిల్లర్లు లేకపోతే కుదరదు. ఒక అంతస్తు షెడ్డుకు, ఎప్పటికీ పైన మరో అంతస్తు వేయనప్పుడు, గోడే కప్పును మోయగలదు.

లెక్క చూడండి. పొడవు గోడల్లో 10 అడుగులకు ఒకటి చొప్పున రెండు వైపులా 12 పిల్లర్లు వస్తాయి. 9 అంగుళాలకు 12 అంగుళాల పిల్లర్‌కు 12 మి.మీ. కంబీలు ఆరు, 8 మి.మీ. రింగులు కలిపి సుమారు 37 కిలోలు. పునాది జాలీకి ఇంకో 12 కిలోలు. పన్నెండింటికి అర టన్నుకు పైగా స్టీలు, 9 ఘనమీటర్ల దాకా కాంక్రీటు. స్టీలు ఒక్కటే 40 వేల రూపాయలు దాటుతుంది.

మన తాలూకాలో దొరికేది రాయి. గుండ్లు, బండలు, గుట్టలు చుట్టూ ఉన్నాయి. సైజు రాయితో 15 అంగుళాల గోడ కట్టి, దూలం కూర్చునే చోట ఒక కాంక్రీటు బెడ్ బ్లాకు వేసి, కిటికీల పైన చుట్టూ లింటెల్ బ్యాండ్ తిప్పితే పిల్లర్ల అవసరం లేదు. మందపాటి రాతి గోడ పగటి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు, అది పురుగుకు అదనపు లాభం. దగ్గర దొరికే రాయిని నమ్ముకోవడం చిన్న కట్టడాల సంగతే అనుకోకండి. 1955లో పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ ఆనకట్టను రాతికట్టుతోనే అంత ఎత్తు లేపారు.

రాయి దూరం నుంచి తోలాల్సి వస్తే ఈ లెక్క తారుమారవుతుంది. అప్పుడు సిమెంటు కలిపిన మట్టి ఇటుకలు ఒక దారి. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లో మొదలైన ఆస్త్ర అనే గ్రామీణ సాంకేతిక కేంద్రం మన తుమకూరు జిల్లాలోనే, కుణిగల్ తాలూకా ఉంగ్ర గ్రామంలో విస్తరణ కేంద్రం పెట్టుకుని పల్లెలకు పనికొచ్చే పద్ధతుల మీద పని చేసింది. ఇలాంటి మట్టి ఇటుకల మీద ఆ సంస్థ చేసిన పని బాగా పేరున్నది. మన ఎర్రమట్టిలో ఇసుక పాలు తగినంత ఉంటే అవి బాగా వస్తాయి. నల్లరేగడికి మాత్రం ఇసుక కలపకుండా కుదరదు.

పునాది గురించి ఒక మాట. మూడడుగులకే గట్టి గరుసు తగిలితే ఆరడుగులు తవ్వమని ఎవరు చెప్పినా ఎందుకని అడగండి. నల్లభూమిలో మాత్రం ఆ ప్రశ్న వేయొద్దు. అక్కడ లోతు తగ్గిస్తే గోడ చీలుతుంది.

*గోడతో దూలాన్ని మాయం చేయడం*

రీరింగ్ షెడ్డులో ఆకు దాచే రూము, కాళ్లు కడుక్కుని లోపలికొచ్చే ముందు గది ఎలాగూ కావాలి. చాలామంది వీటిని షెడ్డు పక్కన చిన్న రేకుల కొట్టంలా వేరే కడతారు. స్థలం సరిపోయేట్టుంటే 50 అడుగుల్లోనే ఒక కొన 10 అడుగులు వీటికి వదిలి, అడ్డగోడను కప్పు దాకా లేపండి. ఆ గోడ మీదే స్లాబు కూర్చుంటుంది, ఆ చోట దూలం వేయాల్సిన పని లేదు. 20 అడుగుల దూలం ఒకటి తగ్గిందంటే అడుగున 20 మి.మీ. కంబీలు మూడు, పైన 12వి రెండు, రింగులు, అన్నీ కలిపి సుమారు 75 కిలోల స్టీలు, నాలుగు మూటల లోపు సిమెంటు, దూలం సెంట్రింగ్ కూలి తగ్గినట్టు. పురుగుండే చోటు 40 అడుగులే మిగులుతుంది కాబట్టి మీరు పెంచే మొట్టల లెక్కకు ఆ చోటు చాలుతుందా అని ముందు చూసుకోండి.

నడి మధ్యలో పిల్లర్లు పెట్టి దూలాన్ని రెండు పది అడుగుల ముక్కలు చేస్తే ఇంకా చవక కదా అని అడిగేవాళ్లున్నారు. వంచే బలం నాలుగో వంతుకు దిగుతుంది, నిజమే. ఒక్కో దూలంలో సుమారు 25 కిలోల స్టీలు మిగులుతుంది. అయితే కొత్తగా వచ్చిన నడిమి పిల్లర్, దాని పునాది కూడా దాదాపు అంతే స్టీలు అడుగుతాయి. కాంక్రీటు లెక్క కూడా అంతే, దూలంలో మిగిలింది పిల్లర్‌లో పోతుంది. పైగా స్టాండ్ల మధ్య తిరగడానికి అడ్డం. పాత మిద్దెల్లో ఉండే లాంటి మంచి రాతి స్తంభాలు మీ దగ్గర ముందే ఉండి, ఇంజినీరు ఒప్పుకుంటే అప్పుడు మాత్రం ఇది లాభమే. ఒక ముక్కలో మిగిలింది చూసి సంబరపడకుండా షెడ్డు మొత్తానికి ఎంత అవుతుందో కూడితేనే పొదుపు తేలుతుంది.

*స్లాబు కంబి: ఇక్కడే ఎక్కువ డబ్బు పోతోంది*

పది అడుగుల మీద పరిచే స్లాబుకు 5 అంగుళాల మందం చాలు. అడుగున 8 మి.మీ. కంబి 8 అంగుళాలకు ఒకటి, దానికి అడ్డంగా 8 మి.మీ. కంబి 10 అంగుళాలకు ఒకటి, దూలాల పైన అదే లెక్కలో పై కంబి. ఎఫ్ఈ 500 రకం స్టీలుతో, ఐఎస్ 456 ప్రకారం లెక్క వేస్తే మన షెడ్డుకు ఇది సరిపోతుంది.

మేస్త్రి లెక్క వేరు. “అన్నా, 10 కంబి ఆరు అంగుళాలకు కడదాం, వందేండ్లు ఉంటాది” అంటాడు. ఆయన మోసం చేయడం లేదు, కూలిపోతే మాట తనకొస్తుందని భయం. అయినా డబ్బు మనది. 8 మి.మీ. 8 అంగుళాలకు వేస్తే చదరపు మీటరుకు 2 కిలోలు. 10 మి.మీ. 6 అంగుళాలకు వేస్తే 4 కిలోల పైన. వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు. ఒక్క అడుగు కంబిలోనే సుమారు 200 కిలోల తేడా, 14 వేల రూపాయలు. ఇంజినీరు ఫీజుకు భయపడి మేస్త్రి లెక్కతో పోయేవాళ్లు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

రెండింతలు కంబి వేసిన స్లాబు రెండింతలు గట్టిదని కూడా అనుకోకండి. దూలం పైన ఉండాల్సిన పై కంబి, కాంక్రీటు పోసే కూలీలు తొక్కితే అడుక్కి దిగిపోతుంది. అప్పుడు అది పై సాగుడును ఆపే చోట లేనట్టే, దూలం మీదుగా స్లాబు పైన గీత పడి నీళ్లు కారుతాయి. కంబిని పైన నిలబెట్టడానికి కంబితోనే చేసిన కుర్చీలు మూడడుగులకు ఒకటి కట్టించండి, నడవడానికి పలకలు వేయించండి. వీటికయ్యే ఖర్చు చాలా తక్కువ.

కంబి కొనేటప్పుడు తూకం చూడండి. మి.మీ. సైజును దానితో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. 12 మీటర్ల నిండు కంబి 8 మి.మీ.ది 4.74 కిలోలు, 10 మి.మీ.ది 7.4, 12 మి.మీ.ది 10.66 కిలోలు తూగాలి. ఐఎస్ 1786 కొంచెం హెచ్చుతగ్గు ఒప్పుకుంటుంది, 8 మి.మీ. కంబికి నూటికి 7 వరకు. అంతకంటే తక్కువ తూగితే ఆ కంబి లెక్కకు రాదు. పేరు 8, లావు 7 అయితే పైన చెప్పిన దూరాలు పనికిరావు.

*బ్లీచింగ్ సంగతి*

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. ఇంజినీరు పుస్తకంలో ఇల్లు, బడి, ఆఫీసు ఉంటాయి, పురుగుల షెడ్డు ఉండదు. కాబట్టి ప్లాను గీసేవాళ్లకు ఈ సంగతి మనమే చెప్పాలి.

ప్రతి పంటకూ షెడ్డును శుద్ధి చేస్తాం. 2 శాతం బ్లీచింగ్ పౌడరును 0.3 శాతం సున్నపు నీళ్లలో కలిపి గోడలు, కప్పు, నేల తడిసేలా కొడతాం. పాలరోగం, సున్నపుకట్టు రోగం రాకుండా ఇది తప్పదు, దీన్ని తగ్గించే మాటే లేదు. వంద లీటర్ల నీళ్లలో రెండు కిలోల పౌడరు. ఏడాదికి ఐదారు పంటలు తీసే రైతు కనీసం ఐదారుసార్లు కొడతాడు. క్లోరిన్ పని చేసి ఎగిరిపోయినా, వెనక క్లోరైడ్ ఉప్పు మిగులుతుంది. అది తేమను పట్టుకుంటుంది. మన షెడ్డులో గాలిలో తేమ 70 నుంచి 85 శాతం ఉంచుతాం కాబట్టి ఆ ఉప్పు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది.

కాంక్రీటు లోపల కంబి తుప్పు పట్టకపోవడానికి కారణం సిమెంటులోని సున్నపు గుణం. అది కంబి చుట్టూ కంటికి కనబడని పొర కడుతుంది. క్లోరైడ్ నెమ్మదిగా కాంక్రీటు సందుల్లోంచి దిగి కంబిని చేరితే ఆ పొర చిల్లు పడుతుంది, తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపలినుంచి కాంక్రీటును తోస్తుంది. మొదట కప్పు కింద కంబి వెంబడి సన్న గీత, తర్వాత గోధుమ రంగు మరక, ఆ తర్వాత పెచ్చులు ఊడి నేరుగా స్టాండ్ల మీద, మేత తింటున్న పురుగు మీద పడతాయి. గీతల్లో, పెచ్చుల సందుల్లో రోగకారకాలు దాక్కుంటే ఎంత మందు కొట్టినా అందదు. షెడ్డు పాడవడమూ పంట పోవడమూ ఒకేసారి జరుగుతాయి.

ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీ కాంక్రీటులో పోసే రోజుకు ఉండదగిన క్లోరైడ్ ఘనమీటరుకు 0.6 కిలో. మన స్లాబు 11.6 ఘనమీటర్లు. అంటే స్లాబు మొత్తానికి 7 కిలోలు. మనం కొట్టేదంతా కప్పుకు పోదు, పోయిందంతా లోపలికి దిగదు. అయినా ఏండ్ల తరబడి కొడుతూ పోయే మనకు ఈ అంకె గుర్తుండాలి.

దీనికి అడ్డుకట్ట రెండే: కంబి కింద కాంక్రీటు మందం, ఆ కాంక్రీటు చిక్కదనం.

మందాన్ని కవర్ అంటాం. మామూలు ఇంటి స్లాబుకు 20 మి.మీ. చాలంటారు. ఐఎస్ 456లో మామూలుకన్నా కాస్త కఠినమైన పరిస్థితికి 30 మి.మీ. అని ఉంది. రీరింగ్ షెడ్డుకు ఈ 30 అడగండి. పైన చెప్పిన 5 అంగుళాల మందం, 8 అంగుళాల దూరం 30 మి.మీ. కవర్ వదిలి వేసిన లెక్కే. ఆ పది మి.మీ. అదనానికి వెయ్యి చదరపు అడుగులకు అయ్యే కాంక్రీటు 0.93 ఘనమీటరు, ఏడెనిమిది మూటల సిమెంటు. స్లాబు కంబిలో మిగిలిన 14 వేలలో ఒక భాగంతో ఇది అయిపోతుంది. కవర్ బ్లాకులు ముందు రోజే సిమెంటు గారతో పోసి, నీళ్లలో నానబెట్టి సిద్ధం చేసుకోవచ్చు. కంకర రాయి ముక్క పెట్టి “ఇదే బ్లాకు” అంటే ఒప్పుకోవద్దు. కాలు తగిలితే అది జారుతుంది, కంబి సెంట్రింగ్ రేకుకు అతుక్కుంటుంది.

చిక్కదనం నీళ్లతో వస్తుంది, లేదా నీళ్లతో పోతుంది. ఎం20 మిశ్రమానికి 50 కిలోల సిమెంటు మూటకు ఐఎస్ 456 పట్టిక ఇచ్చే గరిష్ఠం 30 లీటర్ల నీళ్లు, 250 కిలోల ఇసుక, కంకర కలిపి. మనం అడిగే కఠిన పరిస్థితికి ఎం25, మూటకు 25 లీటర్లు. ఇసుకలో ఉన్న తడి కూడా ఆ 25లోనే లెక్క. మిక్సరు దగ్గర పైపు పట్టుకున్న మనిషి కాంక్రీటు తేలిగ్గా జారాలని 35 లీటర్లు పోస్తే బలం సుమారు మూడో వంతు పోతుంది. ఎండిన తర్వాత ఆ అదనపు నీళ్లున్న చోటంతా సన్న సందులే, క్లోరైడ్‌కు దారులే. పైపు తీసేసి గుర్తు గీసిన బకెట్టు పెట్టండి. గట్టిగా ఉందని కూలీలు గొణిగితే వైబ్రేటరు బాడుగకు తెప్పించండి, ప్లాస్టిసైజర్ వాడండి. ఎం-సాండ్ అని చెప్పి క్రషర్ డస్ట్ తోలితే నీళ్లు ఎక్కువ తాగుతుంది, లారీ దించక ముందే పిడికిట్లో పట్టి చూడండి.

నీళ్ల రకం గురించి కూడా. పావగడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు. ఐఎస్ 456 కాంక్రీటు నీళ్లకు ఫ్లోరైడ్ హద్దు పెట్టలేదు, క్లోరైడ్‌కు పెట్టింది: ఆర్‌సీసీకి లీటరుకు 500 మిల్లీగ్రాములు. సల్ఫేటుకు 400. లోతు బోర్లలో ఉప్పు ఎక్కువుండే అవకాశం ఉంది కాబట్టి నాలుక్కి ఉప్పగా తగిలే నీళ్లయితే ల్యాబులో చూపించాకే వాడండి. హద్దు దాటితే స్లాబు రోజుకు మంచి నీళ్ల ట్యాంకరు తెప్పించుకోవడం మేలు.

*నీళ్లు పట్టడం, సెంట్రింగ్ తీయడం*

మన ఎండకు క్యూరింగ్ పది రోజులకు తగ్గకూడదు, పీపీసీ సిమెంటైతే 14 రోజులు. స్లాబు పైన మట్టితో చిన్న గట్లు వేసి మడులు కట్టండి. వెయ్యి అడుగుల మీద రెండు అంగుళాల నీళ్లు నిలవాలంటే సుమారు 4,700 లీటర్లు, దాదాపు ఒక ట్యాంకరు. తర్వాత ఎండకు పోయినంత పోసుకుంటూ రావాలి. దూలాల పక్కలకు తడి గోనె పట్టలు కట్టండి, ఎక్కువమంది వదిలేసేది అక్కడే.

సెంట్రింగ్ మీద గొడవ ప్రతి ఊర్లో ఉండేదే. కాంట్రాక్టరుకు ఇంకో పని ఉంటుంది, పదో రోజే తీసేస్తానంటాడు. పది అడుగుల స్లాబు కింది ముట్లు ఏడు రోజులకు తీయొచ్చని ఐఎస్ 456 చెబుతుంది. దూలం 6 మీటర్లు దాటితే మాత్రం 21 రోజులు ఉంచాలి. మన 20 అడుగుల దూలం 6 మీటర్లు దాటిందే. ఈ అంకెలు కూడా ఓపీసీ సిమెంటుకు, పీపీసీ అయితే ఇంకొన్ని రోజులు ఆగాలి. మాట్లాడుకునే రోజే ఈ 21 రోజుల సంగతి కాగితం మీద రాయించండి, తర్వాత అడిగితే బాడుగ పెంచుతారు.

*కొత్త పద్ధతుల గురించి అడిగినవాళ్లకు*

ఫిల్లర్ స్లాబు బాగుంటుందా అని అడుగుతున్నారు. స్లాబు అడుగుభాగంలో కాంక్రీటు పెద్దగా పని చేయదు కాబట్టి అక్కడ మంగళూరు పెంకులు ఇమిడ్చి కాంక్రీటు తగ్గించే పద్ధతి అది. కేరళలో లారీ బేకర్ చాలా కట్టడాలకు వేశారు. ఇంటికి మంచిదే, వేడి కూడా తగ్గుతుంది. రీరింగ్ హాలుకు నేను వద్దంటాను. పెంకుకు, కాంక్రీటుకు మధ్య సందులు శుద్ధికి అందవు, వాటిని గారతో మూసేస్తే మిగిలిన డబ్బు అందులోకే పోతుంది. ముందు గదికి, మందుల రూముకు వేసుకోండి.

వేడికి మాత్రం తేలికైన ఉపాయం ఉంది. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీలు కావాలి. స్లాబు పగలంతా కాగి రాత్రి లోపలికి వేడి దించుతుంది. పైన తెల్ల సున్నం రెండు పూతలు ఎండాకాలం ముందు వేయండి, వీలైతే స్లాబుకు రెండడుగుల పైన కొబ్బరి మట్టల పందిరి. స్లాబు మందం పెంచి వేడి ఆపాలని చూడడం డబ్బు దండగ, బరువు కూడా పెరిగి మళ్లీ కంబి అడుగుతుంది.

*ఇప్పటికే కట్టిన షెడ్లకు*

పంట దిగి షెడ్డు ఖాళీ అయిన రోజు, మందు కొట్టే ముందు, టార్చి పట్టుకుని కప్పు కింద నడవండి. కంబి వెంబడి నేరు గీతలు, గోధుమ మరకలు ఉన్నాయేమో చూడండి. చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి కాంక్రీటు టక్కుమంటుంది, విడిపోయినది డొల్ల శబ్దం ఇస్తుంది. డొల్లగా ఉన్న చోటును సుద్దతో గుర్తు పెట్టుకోండి.

అలాంటి చోట పైపైన గార మెత్తించి సున్నం కొట్టడం పనికిరాదు, లోపల తుప్పు ఆగదు. వదులైనదంతా కంబి వెనక దాకా చెక్కి తీసేయాలి. కంబిని వైరు బ్రష్షుతో తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు గారతో పొరలు పొరలుగా నింపి, వారం రోజులు తడిపి ఉంచాలి. కంబి లావు కంటికి తెలిసేంత తగ్గిపోయి ఉంటే, లేదా మరక దూలం అడుగున ఉంటే, మేస్త్రిని కాదు ఇంజినీరును పిలవండి. ఆ దూలం కింద రెండు ముట్లు నిలబెట్టిన తర్వాతే తర్వాతి పంటకు చాకీ బుక్ చేసుకోండి.

కొత్త షెడ్డు ప్లాను ఉన్నవాళ్లు దూలాల కొలతలు, స్లాబు మందం, కవర్ ఎంత రాశారు అనే మూడు సంగతులు గ్రూపులో పెట్టండి. ప్లానులో కవర్ అంకె కనబడకపోతే గీసినవాళ్ల దగ్గరికి వెళ్లి రాయించుకుని రండి.